చెయ్యి తిరగాలి, చెయ్యి పడిపోకూడదు: హార్నెస్ లైన్‌లో ఎవరిని ఎక్కడ, ఎంతసేపు కూర్చోబెట్టాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్ చర్లపల్లిలో కంట్రోల్ ప్యానెళ్లకు వైర్ల గుత్తులు, అంటే వైర్ హార్నెస్‌లు చేసే చిన్న యూనిట్. 22 మంది మనుషులు, 9 స్టేషన్లు. రోజుకు 60 హార్నెస్‌లు, ఒక్కోదానికి 36 లగ్గులు (వైరు కొసకు బిగించే లోహపు ముక్కలు). ఎవరు ఎక్కడ పని చేయాలో వారానికోసారి ఎక్సెల్‌లో ప్లాన్ వేస్తారు, మంగళవారానికే అది తప్పిపోతోంది. పని బాగా వచ్చిన ఇద్దరు క్రింపింగ్ (లగ్గును టూల్‌తో వైరుకు నొక్కి బిగించే పని) ఆపరేటర్లు మణికట్టు నొప్పి అంటున్నారు. కొత్తగా చేరినవాళ్లు పని వచ్చేలోపే మానేస్తున్నారు. మనుషుల్ని మారుస్తూ పోతే ప్రొడక్షన్ పడిపోతుందని ఓనర్ భయం. ఏం చేయాలి, ఆ ఇద్దరినీ ఇప్పుడే క్రింపింగ్ నుంచి తప్పించాలా?

జవాబు:

ముందు నా చేతుల మీదుగా జరిగిన ఒక నష్టం చెప్తాను. మీరు ఇప్పుడున్న చోటే నేనూ ఒకప్పుడు ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట బాలానగర్ వైపు ఒక ప్యానెల్ షాప్‌లో ప్లానింగ్ చూసేవాణ్ణి. మార్చి నెల, సంవత్సరాంతపు డిస్పాచ్‌ల ఒత్తిడి. మా దగ్గర ఒక అక్క ఉండేది. లావు కేబుళ్లకు లగ్గులు నొక్కడంలో ఆమె ఒడుపు ఇంకెవరికీ రాదు. ఆరు వారాలపాటు ఆమె పేరు ఆ ఒక్క గడిలోంచి నేను కదల్చలేదు. టార్గెట్ రోజూ దాటేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చూశాను: ఆమె తన స్టీలు డబ్బాను ఏమీ అనకుండా పక్కనున్న అమ్మాయి వైపు జరిపింది. ఆ అమ్మాయి మూత తీసి ఇచ్చేసి తన అన్నంలో పడిపోయింది. ఇద్దరికీ అది రోజువారీ అలవాటైపోయిందని చూడగానే తెలిసింది. తర్వాత అడిగితే, నెల రోజులుగా రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, చెయ్యి విదిలించుకుని మళ్లీ పడుకుంటున్నానని చెప్పింది. "చెప్తే వేరేచోట వేస్తారేమో అనుకున్నా సార్" అంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని డాక్టర్లు తేల్చారు. రెండు నెలలకు పైగా రాలేదు. ఆ లగ్గులు నొక్కడం వచ్చిన మనిషి లైన్‌లో ఇంకొకరు లేరు. ఎందుకు లేరంటే, నేర్పడానికి నేను ఏనాడూ టైం ఇవ్వలేదు కాబట్టి.

అప్పట్నుంచి ఏ స్టేషన్ ఎదురుగా ఎవరి పేరు రాసినా రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఈ పని వల్ల రేపటికి ఈ చెయ్యి ఎంత తిరుగుతుంది? ఈ ఒంటి మీద ఎంత పడుతుంది? డ్రిల్లింగ్ మెషిన్‌ను ఈ వారం ఎక్కడ వాడినా వచ్చే వారం అది అదే మెషిన్. మనిషి అలా కాదు. మీరు ఈ వారం వేసిన ప్లాన్‌ను బట్టి వచ్చే సోమవారం మీ లైన్‌లోకి వచ్చే 22 మంది మారిపోయి ఉంటారు, కొందరు మెరుగై, కొందరు నలిగి. మీ షీట్‌లో మాత్రం ప్రతి మనిషికీ ఒకటే స్టాండర్డ్ టైం (ఒక పీసుకు పట్టాలని లెక్కేసిన టైం) ఉంది, అది ఎప్పటికీ మారదు. మంగళవారానికే ప్లాన్ తప్పడానికి కారణం అక్కడ ఉంది.

నేర్చుకోవడం సంగతి లెక్కతో చూద్దాం, దీనికి మంచి లెక్క ఉంది. 1936లో టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజినీరు విమానాల తయారీ ఖర్చులు పరిశీలించి ఒక విషయం ప్రచురించాడు: తయారైన విమానాల మొత్తం సంఖ్య రెట్టింపయినప్పుడల్లా ఒక్కోదానికి పట్టే సగటు శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోంది. దీన్నే 80 శాతం లెర్నింగ్ కర్వ్ అంటారు. తర్వాత దీన్ని సగటుకు బదులు ఒక్కో పీసుకు పట్టే టైంకు కూడా వాడడం మొదలైంది, షాప్‌లో మనకు అదే సులువు. అన్ని పనులకూ 80 కుదరదు. ముప్పాతిక వంతు చేతిపని, పాతిక వంతు మెషిన్ పని అయితే 80 దగ్గర, సగం సగం అయితే 85, మెషిన్ వంతే ముప్పాతిక అయితే 90 దగ్గర పెట్టుకోవడం పాత వాడుక. మీ హార్నెస్ బోర్డు మీద వైర్లు పరిచి కట్టే పని దాదాపు అంతా చేతిదే కాబట్టి 80 పెట్టి చూడండి.

ఒక కొత్త డిజైన్, 30 పీసుల ఆర్డర్ అనుకుందాం. కొత్త కుర్రాడికి మొదటి పీసుకు 100 నిమిషాలు పట్టింది. 80 శాతం లెక్కన రెండోదానికి 80, నాలుగోదానికి 64, పదోదానికి 48, ముప్పయ్యోదానికి 34 దగ్గరికి వస్తాడు. మీ స్టాండర్డ్ టైం 34 నిమిషాలే ఉందనుకుంటే, షీట్ ఏం చెప్తుంది? 30 పీసులకు 1020 నిమిషాలు, అంటే 17 గంటలు. ఆ కుర్రాడికి నిజంగా పట్టేది 1402 నిమిషాలు, 23 గంటల పైమాట. తేడా ఆరు గంటలకు పైనే. ఆ ఆరు గంటలూ అతని బద్ధకం ఖాతాలో పడతాయి. సూపర్‌వైజర్ కేకలేస్తాడు, కుర్రాడు రెండో వారం ఫోన్ ఎత్తడు. కొత్తవాళ్లు ఎందుకు మానేస్తున్నారని అడిగారు కదా. సగం మంది ఈ ఆరు గంటల దగ్గరే మానేస్తారని నా అనుభవం.

అదే 30 పీసులను ఇద్దరు కొత్తవాళ్లకు చెరి 15 ఇస్తే? ఒక్కొక్కరికి 851 నిమిషాలు పడుతుంది, ఇద్దరికీ కలిపి 1702. ఒక్కడే చేసినదానికంటే సరిగ్గా 300 నిమిషాలు, అంటే అయిదు గంటల కూలీ ఎక్కువ. కానీ ఆర్డర్ 23 గంటలకు బదులు 14 గంటల్లో అయిపోతుంది, పని వచ్చినవాళ్లు ఇద్దరవుతారు. ఆ అయిదు గంటలు నేర్పించడానికి పెట్టిన ఖర్చు. దాన్ని షీట్‌లో ఆ పేరుతోనే చూపించండి. ఓనర్లకు ఖర్చు కంటే, ఎక్కడికి పోయిందో తెలియని ఖర్చంటేనే ఎక్కువ భయం.

ఇప్పుడు ఈ నేర్పించడం మణికట్టుకు ఎలా ముడిపడుతుందో చూడండి. 60 హార్నెస్‌లు, ఒక్కోదానికి 36 లగ్గులు, రోజుకు 2160 నొక్కులు. ఇద్దరే చేస్తే మనిషికి 1080. ఏడున్నర గంటల పనిలో ప్రతి 25 సెకన్లకు ఒకసారి హ్యాండ్ టూల్‌ను బలంగా పిండాలి. 1980లలో అమెరికాలో సిల్వర్‌స్టీన్ బృందం ఫ్యాక్టరీ పనుల్ని పరిశీలించినప్పుడు, 30 సెకన్ల లోపు తిరిగి వచ్చే పనిని అతిగా పునరావృతమయ్యే పని కింద లెక్కేశారు. బలం పెట్టే పనికీ, అదే పని మళ్లీ మళ్లీ చేయడానికీ విడివిడిగా ఉన్న ముప్పు కంటే, రెండూ కలిసిన పనుల్లో మణికట్టు జబ్బులు చాలా ఎక్కువగా కనిపించాయి. మీ క్రింపింగ్ స్టేషన్‌లో రెండూ కలిసే ఉన్నాయి. అదే పని నలుగురికి వచ్చి ఉంటే మనిషికి 540 నొక్కులు. ఏ మందూ, ఏ పట్టీ చేయలేని పని, ఇంకో ఇద్దరికి నేర్పడం వల్ల జరుగుతుంది. నేర్పించడాన్నీ ఒంటి భారాన్నీ విడివిడి విషయాలుగా చూడొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

అయితే వాటి మధ్య ఒక గొడవ కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి ప్లాన్ వేయలేం. పని ఒంటబట్టాలంటే ఒకేచోట కుదురుగా ఉండాలి. ఒళ్లు నిలబడాలంటే మారుతూ ఉండాలి. గంటకో స్టేషన్ తిప్పితే కొత్తవాడికి ఏదీ రాదు. నెల రోజులు ఒకేచోట ఉంచితే పని వస్తుంది, చెయ్యి పోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కొత్త చేతికి అదే పని ఎక్కువ బరువు. మొదటి వారం అమ్మాయిని టూల్ దగ్గర చూడండి. పిడికిలి తెల్లబడేలా పట్టుకుంటుంది, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, టూల్‌లోని రాచెట్ (నొక్కు పూర్తయ్యాకే హ్యాండిల్‌ను వదిలే పళ్ల చక్రం) వదిలేసిన తర్వాత కూడా పిండుతూనే ఉంటుంది. పాత అక్క హ్యాండిల్ చివర పట్టుకుంటుంది, క్లిక్ మనగానే వేళ్లు వదులుతుంది. ఇద్దరూ నొక్కింది ఒకే లగ్గు, ఇద్దరి ఒంటి మీదా పడింది ఒకటే కాదు. కాబట్టి కొత్తవాళ్లను "నేర్చుకుంటారులే" అని మొదటి రోజే ఎనిమిది గంటలు క్రింపింగ్‌లో వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. నేను ఇలా చేస్తాను: మొదటి రెండు వారాలు రోజుకు ఒక పూట మాత్రమే కొత్త పని, అదీ పొద్దుటి పూట, కానీ రోజూ అదే పని. రెండో పూట తేలిక పని, వైర్ నంబర్ స్లీవులు ఎక్కించడం, కంటిన్యుటీ టెస్టులో (వైరు ఎక్కడా తెగలేదని చూడడంలో) సాయం, కిట్లు సర్దడం లాంటివి. రోజూ అదే పని కాబట్టి చెయ్యి తిరుగుతుంది, ఒక పూటే కాబట్టి ఒళ్లు అలవాటు పడుతుంది.

మర్చిపోవడం గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ షాపుల్లో దీనికి పండగలే కొలమానం. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లిన కుర్రాళ్లు, ఛఠ్‌కు బిహార్ వెళ్లిన కుర్రాళ్లు రెండు మూడు వారాల తర్వాత వస్తారు. వచ్చిన రోజే పాత స్పీడు ఆశిస్తే తప్పుగా వచ్చిన పీసులతో రీవర్క్ బల్ల నిండిపోతుంది. నేను వాడే మోటు లెక్క ఇది: రెండు వారాలు దాటి గ్యాప్ వస్తే, అప్పటికి చేసిన పీసుల సంఖ్యను సగానికి దించి కర్వ్ మీద అక్కణ్ణుంచి మొదలుపెడతాను. 40 చేసినవాణ్ణి 20 చేసినవాడిలా చూస్తాను. మూడు నాలుగు రోజుల్లో పుంజుకుంటాడు. ఒంటికి కూడా అదే వర్తిస్తుంది, సెలవు నుంచి వచ్చిన మొదటి రెండు రోజులు సగం క్రింపింగే ఇవ్వండి.

ఇక ఒంటి భారం ఎలా కొలవాలి. పెద్ద పద్ధతులు ఉన్నాయి. 1993లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మెక్‌అటామ్నీ, కార్లెట్ అనేవాళ్లు రూలా అనే పద్ధతి ఇచ్చారు. మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు ఏ కోణంలో ఉన్నాయో చూసి 1 నుంచి 7 వరకు మార్కు వేస్తారు. 1, 2 అయితే ఫర్వాలేదు, 7 వస్తే వెంటనే మార్చాలి. దాన్ని తయారు చేసేటప్పుడు చూసినవాళ్లలో బట్టల ఫ్యాక్టరీ పనివాళ్లూ ఉన్నారు, అంటే మనలాంటి కూర్చుని, నిలబడి చేసే చేతిపనే. కాగితం మీద అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మీ 9 స్టేషన్లకూ ఒక్కసారి చేయండి. ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీసి, ఆపి ఆపి చూస్తే చాలు. తీసేముందు ఎందుకు తీస్తున్నారో వాళ్లకు చెప్పండి, లేకపోతే టార్గెట్ పెంచడానికని అనుకుంటారు, ఆ అనుమానం ఒకసారి పడితే పోదు.

ప్లాన్ వేయడానికి అంత వివరం కూడా అక్కర్లేదు. ప్రతి స్టేషన్‌కూ నాలుగు గడులు పెట్టండి: మణికట్టు, భుజం, నడుం, కళ్లు. ఒక్కోదానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. క్రింపింగ్ మణికట్టుకు ఎరుపు. బోర్డు మీద వైర్లు పరచడం భుజానికి ఎరుపు, మణికట్టుకు పసుపు. కేబుల్ డ్రమ్ములు దించడం నడుముకు ఎరుపు. టెస్టింగ్ కళ్లకు పసుపు, మిగతావన్నీ ఆకుపచ్చ. పాటించాల్సిన నియమం ఒక్కటే: ఒక పూట ఏ అవయవానికి ఎరుపు పడిందో, దాని తర్వాతి పూట అదే అవయవానికి ఎరుపు పడకూడదు. వీలైతే పసుపు కూడా.

ఈ రంగుల చార్టు లేకుండా రొటేషన్ చేసి మోసపోయినవాళ్లను నాచారంలో, జీడిమెట్లలో ఎంతోమందిని చూశాను. ఒకచోట ఒకబ్బాయిని రెండు గంటలు క్రింపింగ్, తర్వాత రెండు గంటలు చేత్తో వైర్ స్ట్రిప్పింగ్, తర్వాత కేబుల్ టైలు బిగించి కత్తిరించడం అని తిప్పుతున్నారు. చార్టు గోడ మీద అందంగా అంటించారు. పక్కన నిలబడి చూస్తే మూడు చోట్లా అతను అదే కుడిచేత్తో ఏదో ఒక ప్లయర్ పిండుతూనే ఉన్నాడు. స్టేషన్ మారింది, మణికట్టుకు మాత్రం విశ్రాంతి లేదు.

ఇంకో మోసం, మరీ చెడ్డ పనిని అందరికీ పంచడం. ఒక స్టేషన్ ఎర్రెర్రగా ఉంటే రొటేషన్ దాన్ని బాగు చేయదు, ఆ దెబ్బను 22 మందికీ పంచుతుంది. ముందు పని మార్చాలి. మీ లావు లగ్గులకు బల్ల మీద బిగించే, గాలి ఒత్తిడితో నడిచే న్యూమాటిక్ క్రింపింగ్ టూల్ పెట్టగలరేమో చూడండి. కంప్రెసర్ ఎలాగూ ఉండే ఉంటుంది. ఖర్చు అనిపిస్తే, పని వచ్చిన ఒక్క మనిషి రెండు నెలలు రాకపోతే ఎంతవుతుందో పక్కన రాసి చూడండి.

డబ్బు పెద్దగా అక్కర్లేని మార్పు బల్ల ఎత్తు. సన్నపని మోచేతి కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు పైన, నిలబడి చేసే తేలిక పని మోచేతికి 10 నుంచి 15 కింద, బలం పెట్టే పని ఇంకా కింద ఉండాలి. మన షాపుల్లో బల్లలన్నీ ఒకే వెల్డర్ ఒకే కొలతలో చేసినవే, మనుషులు మాత్రం ఒక్కో ఎత్తు. కుషాయిగూడలో ఒకచోట పొట్టిగా ఉండే ఒక అమ్మ బోర్డు పైవరుస అందక రోజంతా మునివేళ్ల మీద లేచేది. నాలుగంగుళాల చెక్క పీట చేయించి కాళ్ల కింద వేశాం. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తూ ఆ పీటను తన లాకర్ పక్కన జాగ్రత్తగా నిలబెట్టి వెళ్లింది, ఇంకెవరూ తీసుకోకుండా. పొడుగు కుర్రాళ్లకు బోర్డు కింద పలకలు వేసి లేపండి. బోర్డును బల్ల మీద పరుండబెట్టకుండా కాస్త ఏటవాలుగా నిలబెడితే మెడ, నడుం రెండూ తేలికపడతాయి.

సాయంత్రం నాలుగింటికి ఒక ప్రశ్న అడిగే అలవాటు చేసుకోండి: "సున్నా నుంచి పది దాకా, ఇవాళ నీ చెయ్యి ఎంత లాగింది?" స్వీడన్ శాస్త్రవేత్త బోర్గ్ పేరు మీద ఉన్న కొలబద్ద ఇలాంటిదే, సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఇక తట్టుకోలేనంత. ఒకరోజు అంకెతో పనిలేదు. మూడు రోజులు వరసగా పెరుగుతోందా అన్నదే చూడాలి. 3, 4, 6 అని వస్తే మర్నాడు ఆ మనిషికి ఆ అవయవానికి ఎరుపు వద్దు. మొదటి వారం అందరూ "ఏం లేదు సార్" అంటారు. ఒకరు 6 అన్నాక నిజంగా పని మార్చి, జీతంలో ఏ కోతా పడలేదని మిగతావాళ్లు చూశాకే నిజమైన అంకెలు వస్తాయి.

విశ్రాంతి విషయం త్వరగా చెప్పేస్తాను. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన కనీస హద్దు. చేతిపనికి అది చాలదు. అదే మొత్తం విశ్రాంతిని చిన్న చిన్న ముక్కలుగా ఇస్తే కండరాలు బాగా కోలుకుంటాయి, కాబట్టి ఎరుపు స్టేషన్లలో గంటకు అయిదు నిమిషాలు టూల్ కింద పెట్టించండి. టైం స్టడీలో అలసట అలవెన్స్ (అలసట కోసం స్టాండర్డ్ టైంకు కలిపే అదనపు శాతం) కలిపాం కదా అంటారేమో. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్క్ స్టడీ పట్టికలో ప్రాథమిక అలసటకు ఇచ్చే 4 శాతం కూర్చుని చేసే తేలిక పనికి, మంచి వాతావరణంలో. పైగా ఆ టైం టార్గెట్‌లో కలిసిపోతుంది, మనిషి ఆగడు. ఆగని విశ్రాంతి చేతికి అందదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ రెండు నెలలూ బరువులు ఎత్తే పనులన్నీ పొద్దున పదకొండులోపే అయిపోవాలి, మధ్యాహ్నం టెస్టింగ్, ప్యాకింగ్, లేబుళ్లు.

ఇప్పుడు ప్లాన్ ఎలా కట్టాలి. రోజును నాలుగు ముక్కలు చేయండి, టీ, భోజనం, టీ వాటి మధ్య గీతలు. కొత్తవాళ్లకు మొదటి రెండు ముక్కలూ ఒకటే స్టేషన్. పాతవాళ్లకు ముక్క ముక్కకూ మారవచ్చు. ప్రతి మనిషికీ మూడు పనులు నేర్పడం లక్ష్యంగా పెట్టుకోండి, తొమ్మిదీ అక్కర్లేదు. ఆ మూడూ వేర్వేరు అవయవాల మీద పడేవి కావాలి. ప్రతి స్టేషన్‌కూ కనీసం నలుగురు రావాలి. 22 మంది, మూడేసి పనులు, 66 పేర్లు. 9 స్టేషన్లకు నాలుగేసి అంటే 36 చాలు. అంటే క్రింపింగ్ లాంటి కష్టమైన చోట ఆరుగురు, ఏడుగురు కూడా ఉండవచ్చు. నెలల ప్లాన్ ఇక్కడే తయారవుతుంది: ఏ స్టేషన్ దగ్గర నాలుగు పేర్లు లేవో అక్కడ నేర్పించడం మొదలుపెట్టాలి.

దీన్ని ఎక్సెల్ సాల్వర్‌తో (హద్దులు చెప్తే వాటికి లోబడి మంచి ప్లాన్ వెతికిపెట్టేది) చేద్దామనుకుంటే ఒక ఇబ్బంది చెప్తాను. 22 మంది, 9 స్టేషన్లు, 4 ముక్కలు గుణిస్తే 792 అవునా-కాదా గడులు. ఎక్సెల్‌తో ఉచితంగా వచ్చే సాల్వర్ 200 దాటితే తీసుకోదు. ఒక్కో ముక్కను విడిగా చేస్తే 198, సరిపోతుంది, కానీ అప్పుడు ముందు ముక్కలో ఏ అవయవానికి ఎరుపు పడిందో మీరే చేత్తో అందించాలి. పైథాన్ వచ్చిన కుర్రాడు ఎవరైనా ఉంటే గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే, రోజంతా ఒకేసారి పెట్టవచ్చు. ప్రొడక్షన్‌ను గరిష్ఠం చేయమని మాత్రమే అడగకండి, అలా అడిగితే అది కూడా నేను మార్చిలో చేసిన పనే చేస్తుంది, వేగమున్న చేతిని ఒకే గడిలో పాతేస్తుంది. రోజు టార్గెట్‌ను తప్పనిసరి హద్దుగా పెట్టి, అందరిలో ఎక్కువ భారం మోస్తున్న మనిషి భారాన్ని వీలైనంత తగ్గించమని అడగండి. నేర్పే గంటలను కూడా హద్దుగానే పెట్టండి, వారానికి ఇన్ని తప్పవు అని.

నిజం చెప్పాలంటే 22 మందికి వైట్‌బోర్డు, పేర్లు రాసిన అయస్కాంతాలు చాలు. పైగా లైన్‌లో వాళ్లు దాన్ని చూడగలరు, "సార్, నన్ను పొద్దున్నే అక్కడ వేశారు, మళ్లీ వేశారు" అని వేలు పెట్టి చూపించగలరు. కంప్యూటర్‌లో ఉన్న ప్లాన్‌తో అలా ఎవరూ వాదించరు.

బోర్డు లైన్‌లో ఒకరి వెనక ఒకరు పీసు అందించుకునే పద్ధతి ఉంటే 1996లో బార్తోల్డి, ఐసెన్‌స్టైన్ ప్రచురించిన బకెట్ బ్రిగేడ్ పద్ధతి చూడండి. నెమ్మదైనవాళ్లను లైన్ మొదట్లో, వేగమున్నవాళ్లను చివర్లో పెడతారు. చివరివాడు పీసు పూర్తి చేయగానే వెనక్కి వెళ్లి ముందువాడి చేతిలోది అందుకుంటాడు, అతను ఇంకా వెనక్కి. ఎవరు ఎక్కడ ఆపాలో సూపర్‌వైజర్ చెప్పక్కర్లేదు, లైన్ దానంతటదే సర్దుకుంటుంది. రోజురోజుకీ వేగం మారే కొత్తవాళ్లు ఉన్న లైన్‌కు ఇది బాగా నప్పుతుంది, వాడు మెరుగైన కొద్దీ వాడి వంతు దానంతటదే పెరుగుతుంది.

జీతం సంగతి తేలకపోతే ఇవేవీ నిలవవు. పీస్ రేటు మీద ఉన్న ఆపరేటర్‌ను కొత్త స్టేషన్‌లో వేస్తే ఆ వారం జేబుకు చిల్లు. అందుకే మారనంటాడు, నొప్పి దాస్తాడు. నేర్చుకునే వారాలకు పాత మూడు నెలల సగటు ఆదాయం ఖాయం చేయండి. పాతవాళ్లకు ఇంకో భయం ఉంటుంది. ఒడుపు నేర్పేస్తే తన అవసరం తీరిపోతుందని. ఆ భయం అన్యాయమైనది కాదు, చాలాచోట్ల అదే జరిగింది. నేర్పినందుకు నెలకు ఇంతని అలవెన్స్ రాసి ఇవ్వండి, ఆమె నేర్పిన మనిషి పేరు పక్కన ఆమె పేరు బోర్డు మీద ఉండనివ్వండి.

ఓనర్ భయం గురించి: మొదటి మూడు నాలుగు వారాలు ప్రొడక్షన్ తగ్గుతుంది, తగ్గదని చెప్పకండి. పైన లెక్క చూపించినట్టు కొత్త చేతి కర్వ్‌ను బట్టి ఎంత తగ్గుతుందో ముందే రాసి సంతకం పెట్టించుకోండి. జనవరి నుంచి మార్చి లోపల మొదలుపెట్టొద్దు. ఆర్డర్లు పలచబడే నెల చూసుకుని, వారానికి ఒక స్టేషన్ చొప్పున మార్చండి.

చివరిగా ఆ ఇద్దరి సంగతి. అవును, తప్పించండి, ఈ వారమే. ముందు ఇద్దరినీ డాక్టర్‌కు చూపించండి. రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వస్తోందా, వస్తువులు చేతిలోంచి జారుతున్నాయా అని మీరే అడగండి. అవునంటే రోజుకు ఒక్క నొక్కు కూడా వద్దు. నొప్పి మాత్రమే అయితే డాక్టర్ సరేనన్నాక రోజుకు ఒక ముక్క, అదీ చిన్న ఫెర్రూళ్లు (సన్న వైర్ల కొసకు ఎక్కించే చిన్న గొట్టాలు). మిగతా టైం టెస్టింగ్‌లో, ఇంకా ముఖ్యంగా కొత్తవాళ్ల పక్కన నిలబడి నేర్పడంలో. టూల్ ఎక్కడ పట్టుకోవాలి, క్లిక్ ఎప్పుడు వినాలి, వేళ్లు ఎప్పుడు వదలాలి, ఇవి వాళ్ల నోటినుంచి రావాలి.

ఎలా చెప్తారన్నది కూడా చూసుకోండి. పొద్దున బోర్డు మీద అయస్కాంతం జరిపేసి ఊరుకుంటే, పదేళ్లు ఆ బల్ల దగ్గర పనిచేసిన మనిషికి అది శిక్షలా కనిపిస్తుంది. అందరి ముందూ వద్దు. ముందురోజు సాయంత్రం, బస్సుకు బయల్దేరేముందు, వాళ్ల బల్ల దగ్గరికే వెళ్లి కూర్చుని చెప్పండి: జీతం తగ్గదు, నీ స్టూలు ఇక్కడే ఉంటుంది, రేపట్నుంచి ఈ ఇద్దరు పిల్లలకు నువ్వు నేర్పాలి.

తర్వాత వాళ్లు చెప్పేది వినండి. ఏ లగ్గు ఎక్కువ లాగుతోందో, ఏ టూల్ రాచెట్ బిగుసుకుపోయిందో, ఏ సైజు వైరు స్ట్రిప్పర్‌లో జారుతోందో, ఆ అయిదు నిమిషాల్లోనే చెప్పేస్తారు. ఒక కాగితం, పెన్ను తీసుకెళ్లండి.